రాగి పలక ఖరీదు

ఆ కంపెనీలో ధర ముందు పుట్టింది, మిషన్ తరువాత పుట్టింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఎవరైనా మరిచిపోతే తమ్ముడి గదిలోకి వెళ్ళి గోడ చూస్తే చాలు. కొత్త గేమ్ కన్సోల్ ఇంకా బల్ల మీద తీగలు బయటపెట్టుకుని పడి ఉండగానే, దాని ధర అట్ట మీద అచ్చయి ఆ గోడకెక్కింది. ముప్ఫై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది.

తమ్ముడికి తొమ్మిది అంటే ప్రాణం. నాన్న బతికున్న రోజుల్లో కంపెనీ లెక్కలు చేసే మిషన్లూ, గడియారం రేడియోలూ చేసి అమ్మేది. వాటి ధరలు గుండుసున్నాలతో, చూడగానే నోటికి వచ్చేలా ఉండేవి. కంపెనీ ఆటల మిషన్లలోకి దిగి, అమ్మకాలు తమ్ముడి చేతికి వచ్చాక సున్నా అన్నది ధరల పట్టీలోంచి మాయమైపోయింది. అతను వినకుండా అందరూ అతన్ని తొంభైతొమ్మిది అనేవారు. వినబడినా అతను ఏమీ అనుకునేవాడు కాదు. అందులో కాస్త గర్వం కూడా ఉండేది.

అక్కకీ ఒక పేరు ఉంది, రాగక్క. మిషన్ తయారీ అంతా ఆమెదే. ఏ వస్తువు చేసినా లోపల వేడిని లాగెయ్యడానికి మందపాటి రాగి పలక పెట్టాల్సిందే అని పట్టుబడుతుందని షెడ్డులో వాళ్ళు పెట్టిన పేరది. నిజానికి ఆమె ఒంట్లోనూ ఆ లోహమే ఉందని కొందరి అనుమానం. తొందరగా వేడెక్కుతుంది, అంత తొందరగానూ చల్లారుతుంది, వంగమంటే మాత్రం వంగదు.

ధర ముందే తేలిపోయింది కనుక ఇక మిగిలింది మిషన్ని ఆ ధరలోకి కుక్కడం. ఆ వారం మీటింగు గదిలో జరుగుతున్నది ఆ పనే.

"ఇంకా నాలుగు వేల చిల్లర దిగాలి," అన్నాడు తమ్ముడు. "ఎక్కడ దించుతావో నీ ఇష్టం అక్కా. దించాలి అంతే."

"మెమరీ చిప్పు నిరుటికి ఇప్పటికి ఒకటిన్నర రెట్లయింది. అది దించమను ముందు."

"చిప్పుల వాడు మన ఫోనే ఎత్తడు."

"పెట్టె ప్లాస్టిక్?"

"అచ్చు పోసేశాం కదా."

"రంగురంగుల అట్టపెట్టె?"

"అది చూసే కదా కొనేది."

అందరి చూపులూ మెల్లగా రాగి పలక దగ్గరికి వచ్చి ఆగాయి. రావా మరి. చిప్పు బయటివాడిది, వాడు కాదంటే కాదే. అట్టపెట్టె తమ్ముడిది. రాగి పలకా, దాన్ని చల్లబరిచే పెద్ద ఫ్యానూ మాత్రమే ఇంట్లోవి. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా. పలక తీసేసి సన్నటి అల్యూమినియం రేకు పెట్టి, ఫ్యాన్ని చిన్నది చేసి, పెట్టెలో ఆ మేరకు జాగా తగ్గిస్తే దుకాణం ధరలో ఆ నాలుగు వేల చిల్లరా దిగుతుంది. ఆ లెక్క అక్కకీ తెలుసు.

"దిగితే మిషన్ ఆగిపోతుంది," అంది ఆమె.

ఊరికే అనలేదు. జనం ఇలాంటి మిషన్ని టీవీ కింద అరలో పెట్టి, దుమ్ము పడకుండా అద్దం తలుపులు వేసేస్తారు. అందుకని ఆమె పరీక్షల గదిలో ఇళ్ళలో ఉండేలాంటి టీవీ బీరువానే తెచ్చి పెట్టించింది. రాగి ఉన్న మిషన్ అందులో పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆడింది. రేకు పెట్టిన మిషన్ గంట దాటగానే గుక్కపట్టింది, సరిగ్గా ఆట రంజుగా ఉన్నప్పుడు టీవీ నల్లబడింది. తలుపు తీసి చెయ్యి పెడితే ఇస్త్రీపెట్టెలా ఉంది.

"తలుపు తీసి ఆడుకోమని పుస్తకంలో రాద్దాం," అన్నాడు తమ్ముడు.

"పుస్తకం ఎవరు చదువుతారురా? నువ్వు ఎప్పుడైనా చదివావా?"

తమ్ముడు నవ్వేసి, ఎప్పుడూ తీసే అస్త్రమే మళ్ళీ తీశాడు. "వాళ్ళది విప్పి చూశాం కదక్కా. సన్నటి రేకే. వాళ్ళ మిషన్ మన దానికన్నా జోరైంది. అంత జోరైన దానికి రేకు చాలితే మన దానికెందుకు చాలదు?"

ఇక్కడికి వచ్చేసరికి ఆమె నోరు మూతపడేది. వాళ్ళు అంటే ఈ వ్యాపారంలో అందరికన్నా పెద్ద కంపెనీ. దాని కొత్త కన్సోల్ ఇంకా బజారులోకి రాకముందే, తెలిసిన దుకాణంలో బతిమాలి, పై డబ్బులిచ్చి తమ్ముడు ఒకటి సంపాదించుకొచ్చాడు. దాన్ని చంటిపిల్లాణ్ణి మోసుకొచ్చినట్టు మోసుకొచ్చి విప్పుడు మాస్టారి బల్ల మీద పడుకోబెట్టాడు. మాస్టారు నాన్న కాలం నుంచీ షెడ్డులో ఉన్న మనిషి. మూత అన్నది ఉంటే చాలు, విప్పకుండా ఉండలేడు. మధ్యాహ్నానికల్లా మిషన్ని మరలు ఒక పక్కా, పలకలు ఒక పక్కా పేర్చేశాడు. లోపల రాగి లేదు. ఒక్కొక్క ముక్కకీ ఖరీదు కట్టారు. ఇంతకే చెయ్యొచ్చన్నమాట అని తేల్చారు. గోడ మీది ధర పుట్టింది ఆ బల్ల మీదే.

అప్పటినుంచి అక్కకి తన మీద తనకే నమ్మకం పోయింది. వాళ్ళకి సాధ్యమైంది నాకెందుకు సాధ్యం కావడం లేదు అనుకునేది. తను చేసిన లెక్కల్ని తిరగేసి మరగేసి చూసుకునేది. తప్పు దొరక్కపోతే ఇంకా భయం వేసేది. చేతకానిదాన్నే, చాదస్తాన్ని పట్టుకుని వేళ్ళాడుతున్నాను అని ఒకసారి అద్దం ముందు నిలబడి పైకే అనుకుంది.

ఇక అమ్మ సంగతి చెప్పాలి. కంపెనీలో ఎక్కువ వాటా అమ్మది. షెడ్డు పక్కనే ఇల్లు. నాన్న పోయాక పొద్దుపోక కంట్రోలర్ పట్టుకున్న మనిషి, ఇక దించలేదు. డెబ్భై దాటాయి. మోకాళ్ళు మెట్లెక్కనివ్వవు గానీ బొటనవేళ్ళు మాత్రం కోటగోడలు ఎక్కేస్తాయి. తన కంపెనీకి ఉన్నవి నాలుగు ఆటలు, వాటిలో రెండు తనే ఆడదు, బాగాలేవంటుంది.

డీలర్ల సమావేశం వారంలోకి వచ్చింది. ఆలోపు ఆ పెద్ద కంపెనీ మిషన్ ఇంచుమించు గోడ మీది ధరకే బజారులో దిగింది కూడా. ఇంకొకటి కొని చూద్దామని ఎవరికీ తోచలేదు. ఒకటి ఉండగా ఇంకొకటి దండగ అన్నది ఆ ఇంటి శాస్త్రం. అమ్మ మాస్టారిని పిలిచి, "ఆ విప్పినదాన్ని బిగించి ఇటు పట్రావయ్యా, వాళ్ళ ఆటేదో నేనూ చూస్తాను," అంది. మాస్టారికి బిగించడం అంటే అంత ఇష్టం ఉండదు. గొణుక్కుంటూనే బిగించి తెచ్చి టీవీకి తగిలించాడు.

ఆ సాయంత్రం అక్క ఇంట్లోకి వచ్చేసరికి అమ్మ సోఫాలో కంట్రోలర్ పట్టుకుని కోపంగా ఉంది.

"ఇదేమిటే, గేటు దాటగానే మళ్ళీ మొదటికి తీసుకొస్తోంది. మూడుసార్లు దాటాను."

"ఏదో తప్పు నొక్కి ఉంటావు."

"నేనా?" అంది అమ్మ. "నువ్వే చూడు."

మళ్ళీ ఆడింది. గేటు దాటింది. టీవీ మీద అక్షరాలు వచ్చాయి. మా దుకాణానికి వచ్చినందుకు కృతజ్ఞతలు, మీ వంతు పూర్తయింది, దయచేసి తరువాతి వారికి అవకాశం ఇవ్వండి.

"నా ఇంట్లో, నా సోఫాలో కూర్చుంటే తరువాతివాళ్ళెవరే?" అంది అమ్మ.

అక్క ఆ అక్షరాలు మళ్ళీ చదివింది. అది ఇళ్ళకి అమ్మే మిషన్ కాదు. దుకాణంలో ఒక మూల చూపులకి పెట్టే మిషన్. వచ్చినవాడు కాసేపు ఆడతాడు, అది ఆగుతుంది, చల్లబడుతుంది, ఇంకొకడు వస్తాడు. దానికి రాగి ఎందుకు? రేకు బ్రహ్మాండంగా సరిపోతుంది. అందరూ కలిసి దాన్ని ఆఖరి మర దాకా విప్పారు. విప్పేముందు ఒక్కరంటే ఒక్కరు ఆడి చూడలేదు. పొద్దున లేస్తే ఆటల మిషన్లు చేసేవాళ్ళు, చేతిలోకి ఆట మిషన్ వస్తే స్క్రూడ్రైవర్ తీశారు.

ఆమెకి ముందు నవ్వు వచ్చింది. తరువాత ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ ఈ బొమ్మ మిషన్ని చూసా నన్ను నేను చేతకానిదాన్ని అనుకున్నది అని.

మరునాడు బజారుకెళ్ళి, తన డబ్బుతో, అందరూ కొనే మిషనే కొనుక్కొచ్చి మాస్టారి ముందు పెట్టింది. "ముందు ఆడండి మాస్టారూ," అంది. మాస్టారు సిగ్గుపడుతూ ఆడాడు. గేటు దాటాడు, కోట దాటాడు, ఏ అక్షరాలూ రాలేదు. తరువాత విప్పాడు. లోపల అరచెయ్యంత రాగి పలక, ఆమె పెట్టిన దానికన్నా మందంగా తళతళలాడుతోంది.

"అమ్మాయిగారూ, అంటే వీళ్ళు..." అన్నాడు మాస్టారు.

"అవును. ఆ ధరకి అమ్మితే మిషన్ మిషన్‌కీ వాళ్ళకి నష్టమే. ఆ నష్టం ఆటల మీద రాబట్టుకుంటారు. వాళ్ళకి రాబట్టుకునేన్ని ఆటలున్నాయి."

ఆమె రాగి పలకని చేత్తోనే పట్టుకెళ్ళి తమ్ముడి బల్ల మీద పెట్టింది. జరిగినదంతా చెప్పింది. అమ్మ కూడా అక్కడే ఉంది. తమ్ముడి మొహం ఎర్రబడింది, పాలిపోయింది. ఆ తరువాత అతను అడిగిన మొదటి ప్రశ్న, "ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?"

"నీకు అదా ఇప్పుడు కావలసింది?"

"అక్కా, డీలర్లని పిలిచేశాం. బోర్డులు అచ్చయ్యాయి. వాళ్ళ ధరకి మన ధర పక్కన నిలబడకపోతే మన మొహం ఎవడూ చూడడు. రేకే పెడదాం. వచ్చే ఏడాది రాగి పెట్టుకుందువుగాని."

"ఈ ఏడాది కొన్నవాడు ఏం చెయ్యాలి?"

"అందరూ తలుపులు మూసుకుని ఆడరు."

"పులిని చూసి నక్క వాత పెట్టుకుందట. ఇక్కడ ఇంకా నయం, పులి బొమ్మని చూసి పెట్టుకున్నాం. బొమ్మ అని తెలిశాక కూడా కాల్చుకుంటావా?"

తమ్ముడు అమ్మ వైపు చూశాడు. చిన్నప్పటినుంచీ అతనికి అలవాటే అది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు, నాలుగోది ఎవరైనా చూపిస్తే అమ్మ ఉంది. అమ్మ చీరకొంగు సర్దుకుని, ఎవరి మొహమూ చూడకుండా అంది. "ఈ ఒక్కసారికి సర్దుకుపోవే. పెద్దదానివి."

పెద్దదానివి. ఆ మాట వింటూనే ఆమె పెరిగింది. తమ్ముడు ఆమె గాజు పగలగొడితే పెద్దదానివి, చూసుకోవద్దా అన్నారు. తమ్ముడికి డైరెక్టరు గది కావాలంటే పెద్దదానివి, షెడ్డులో కూర్చో అన్నారు. సర్దుకుంది. సర్దుకోవడం కష్టమని కూడా ఎప్పుడూ అనుకోలేదు. ఇప్పుడు మాత్రం కుదరలేదు. గాజూ గదీ తనవి, వదులుకుంది. ఎవరి ఇంట్లోనో ఆట మధ్యలో ఆగిపోయే మిషన్ తనది కాదు, వదులుకోవడానికి.

"సర్దుకోను," అంది. "నమూనా మీద సంతకం పెట్టను. నా సంతకం లేకుండా షెడ్డులో ఒక్క మర బిగియదు."

"నువ్వు పెట్టకపోతే ఇంకొకళ్ళ చేత పెట్టిస్తాను," అన్నాడు తమ్ముడు. "అమ్మ ఊఁ అంటే చాలు."

అమ్మ ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. మోకాళ్ళు పట్టుకుని లేచి వెళ్ళిపోయింది. అది ఎవరి వైపో ఆ ఇద్దరికీ తెలియలేదు.

సమావేశం అద్దె హాలులో పెట్టారు. ప్లాస్టిక్ కుర్చీలు, టీ, బిస్కెట్లు, వేదిక మీద తమ్ముడంత ఎత్తున ధర బోర్డు, దాని మీద గుడ్డ. చిన్నా పెద్దా దుకాణాల వాళ్ళంతా వచ్చారు. అమ్మ ముందు వరసలో కూర్చుంది. అక్కకి వేదిక మీద కుర్చీ వెయ్యలేదు. ఆమె వెళ్ళి డీలర్ల మధ్య కూర్చుంది.

తమ్ముడు బాగా మాట్లాడతాడు, అది ఒప్పుకోవాలి. మాట్లాడి, మాట్లాడి, గుడ్డ లాగాడు. తొమ్మిదులన్నీ బయటపడ్డాయి. చప్పట్లు మోగాయి. పక్కనే బల్ల దగ్గర ఆర్డర్లు రాసే అమ్మాయి కలం తీసింది.

చప్పట్లు ఆగాక అక్క లేచి నిలబడింది. మైకు లేదు. షెడ్డులో ఫ్యాన్ల హోరు మీద మాట్లాడి అలవాటైన గొంతు, మైకు అక్కర్లేదు.

"మిషన్ చేసేదాన్ని నేను. ఆ ధరకి నేను చెయ్యను."

హాలు మొత్తం వెనక్కి తిరిగింది. తమ్ముడు మైకులో, "అక్క సరదా మనిషి," అని నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. ఆమె కూర్చోలేదు.

మూలకొట్టు పెద్దాయన నాన్న దగ్గర మొట్టమొదటి రేడియోలు కొన్న డీలరు. వినడానికి వీలుగా చెయ్యి చెవికి పెట్టుకుని అడిగాడు. "ఎందుకు చెయ్యవమ్మాయ్?"

ఇంటిగుట్టు లంకకు చేటు అని ఆమెకి తెలుసు. అమ్మ వీపు ముందు వరసలో కర్రలా బిగుసుకోవడం కనిపిస్తూనే ఉంది. తమ్ముడు కళ్ళతోనే వద్దక్కా అంటున్నాడు.  ఆమె మాత్రం ఆగలేదు.

"పెద్ద కంపెనీ మిషన్ విప్పి చూసి ఈ ధర పెట్టుకున్నాం. మేం విప్పింది దుకాణంలో చూపులకి పెట్టే మిషన్. ఆ సంగతి మాకు తెలియలేదు. ఆడి చూస్తే తెలిసేది. మేం ఆడలేదు."

"మీరా?" అన్నాడు వెనకనుంచి ఒకాయన. "గేమ్ కంపెనీవాళ్ళు గేమ్ ఆడలేదా?"

"ఆడలేదండీ. మా అమ్మ ఆడింది."

హాలు గొల్లుమంది. ఆమె ఆ నవ్వు అయిపోయేదాకా ఆగింది. "ఆ ధరకి చెయ్యాలంటే రాగి తీసి రేకు పెట్టాలి. టీవీ అరలో తలుపేసి ఆడితే గంటకి ఆగిపోతుంది. ఆగిపోయిన మిషన్ నా దగ్గరికి రాదు, మీ కొట్టుకి వస్తుంది. తిట్లు మీరు తింటారు."

"మరి వాళ్ళు రాగి పెట్టి కూడా ఆ ధరకే ఇస్తున్నారుగా?" అన్నాడు మూలకొట్టు పెద్దాయన.

"నష్టానికి ఇస్తున్నారు. వాళ్ళకి వందల ఆటలున్నాయి, పూడ్చుకుంటారు. మాకు నాలుగున్నాయి. వాళ్ళలా మేమూ నష్టానికి ఇస్తే వచ్చే ఏడాది మీరు రిపేరుకి తెచ్చేసరికి మా షెడ్డే ఉండదు."

"అయితే నీ ధరెంత?"

"నలభై నాలుగు వేల రెండు వందలు."

కుర్చీలు కిర్రుమన్నాయి. ఇద్దరు లేచి బయటికి నడిచారు. ఇంకొకాయన, "చివర ఒక్క తొమ్మిదైనా లేదేమిటమ్మా," అన్నాడు.

"లెక్క వేస్తే అంత వచ్చిందండీ. అలంకారం చెయ్యలేదు."

మూలకొట్టు పెద్దాయన టీ గ్లాసు కింద పెట్టాడు. "అరవై తీసుకుందామని వచ్చాను. ఈ ధరకైతే పాతికకి మించి నా కొట్టులో పోవు."

"పాతికే తీసుకోండి."

"రెండు వందలు తగ్గించవా? మీ నాన్నయితే తగ్గించేవాడు."

"మా నాన్న ఉంటే గోడకి ముందు ధర ఎక్కేది కాదు బాబాయ్. తగ్గించను."

ఆయన ఆర్డర్లు రాసే అమ్మాయి దగ్గరికి నడిచాడు. "పాతిక రాయమ్మా." ఆ అమ్మాయి కలం పట్టుకుని వేదిక మీదికి చూసింది. ఏ ధర రాయాలో ఆమెకి తెలియలేదు. తమ్ముడు అమ్మని చూశాడు. అందరూ అమ్మనే చూశారు.

 కొడుకు మొహం చూస్తే నోట మాట రాదని అమ్మకి తెలుసు కాబోలు, అటు చూడకుండానే అంది. "అది చెప్పిన ధరే రాయి."

తమ్ముడు మైకు పెట్టేసి వేదిక దిగాడు. హాలులో మూడోవంతు అప్పటికే ఖాళీ అయింది. మిగిలినవాళ్ళు పదీ, పదిహేనూ రాయిస్తున్నారు. అతను అక్క పక్కకి వచ్చి, ఎవరికీ వినబడకుండా అన్నాడు. "నన్ను నలుగురిలో నవ్వులపాలు చేశావు. పదీ పరకా రాసుకుంటూ పోతే ఏడాది తిరక్కుండా మూతపడుతుంది. అప్పుడేం చేస్తావు?"

"నిన్ను నవ్వులపాలు చేసినందుకు ఇంటికెళ్ళాక ఎన్ని తిట్టినా పడతాను," అంది ఆమె. "మూతపడితే పడనీరా. ధర ఎక్కువై జనం కొనలేదు, అందుకని మూసుకున్నాం అని చెప్పుకోగలను. ఆగిపోతుందని తెలిసి తెలిసి అమ్మాం అని నేను ఎవరికీ చెప్పుకోలేను."

 ఆమె ఒక కుర్చీ లాక్కుని ఆర్డర్లు రాసే అమ్మాయి పక్కన కూర్చుంది.